మారుపేర్ల మాటున ‘మిస్సమ్మ’

ఒకరిని మరియొకరుగా పొరబడుట లోకమున నిత్యము జరుగునదే. వీధిలో ఎవరినో చనువుగా పిలిచి, వారు వెనుదిరిగి చూడగనే నాలుక కరచుకొననివారు అరుదు. ఆ పొరపాటు ఒక నిమిషములో తీరిపోయినచో నవ్వు వచ్చును. అదియే నెలల తరబడి సాగి, దానిమీద ఒకరి జీవనము, ఒకరి మర్యాద, ఒకరి ప్రేమ ఆధారపడినచో నవ్వుతోపాటు గుండెదడ కూడ పుట్టును. హాస్యనాటక కర్తలు ఈ మర్మమును ఏనాడో గ్రహించిరి. తెలుగు చలనచిత్రములలో దీనిని నిండుగా గ్రహించినది 1955వ సంవత్సరము జనవరి 12వ తేదీన విడుదలయిన ‘మిస్సమ్మ’ అని మా అభిప్రాయము. ఆ చిత్రము ఎట్లు పుట్టినది, ఏ సంప్రదాయమునకు చెందినది, దేనిని ధైర్యముగా పలికినది, ఎచ్చట వెనుకంజ వేసినది అను సంగతులను ఈ ప్రసంగమున ముచ్చటించెదము.

మారుపేరు, మారువేషము మన నాటకములకు క్రొత్తవి కావు. శ్రీహర్షుని ‘రత్నావళి’లో సింహళ రాజకుమారి, ప్రయాణించుచున్న ఓడ పగిలి, వత్సరాజు అంతఃపురము చేరి, సాగరిక అను పేర పరిచారికగా మెలగును. ఆమె యెవరో ఎవరికిని తెలియదు. అయినను రాజు ఆమెయందు అనురక్తుడగును. తుదకు రత్నహారము నిజమును వెల్లడించును. శకుంతల కథలో ఉంగరము చేసిన పనియు ఇట్టిదే. ఈ ఆనవాలునకే కాళిదాసు అభిజ్ఞానమని పేరు పెట్టెను. తరువాతి కాలమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు షేక్స్పియరు మహాకవి వ్రాసిన కవలల ప్రహసనమును ‘చమత్కార రత్నావళి’ అను పేర తెలుగువారికి అందించిరి. ఒకే పోలిక గల ఇద్దరు యజమానులు, ఒకే పోలిక గల ఇద్దరు సేవకులు ఒకే పట్టణమున చేరగా పుట్టిన గందరగోళమే ఆ నాటకము. అందు పొరపాటు చేయించినది ప్రకృతి. నేరము ఎవరిదియు కాదు.

గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’నకు వచ్చుసరికి సంగతి మారినది. 1892లో తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చయిన ఆ నాటకములో, తన మేనకోడలిని ముసలి లుబ్ధావధాన్లుకు అమ్మకుండ కాపాడుటకై కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడవేషము వేసి పెండ్లికూతురుగా నడిపించును. చూచువారు కడుపుబ్బ నవ్వుదురు. కాని ఆ వేషము వెనుక ఉన్నది ఒక దురాచారము. డబ్బునకు కన్యను అమ్ముట అను ఆచారమే లేకున్నచో ఆ వేషమునకు పనియే లేదు. ఇందు పొరపాటు చేయించినది ప్రకృతి కాదు, సంఘము. ‘మిస్సమ్మ’ ఈ రెండవ కోవకు చెందిన కథ. అందు అబద్ధమాడినవారు అల్లరికై ఆడలేదు, కూటికై ఆడిరి. ఈ ఒక్క విషయము మనసున నిలుపుకొన్నచో ఆ చిత్రమంతయు క్రొత్త వెలుగులో కనిపించును.

కథకు మూలము వంగదేశమున కలదు. రవీంద్రనాథ మైత్ర రచించిన ‘మన్మయీ గర్ల్స్ స్కూల్’ అను హాస్యనాటకము 1935లో బెంగాలీ చలనచిత్రముగా వచ్చినది. దానిని ఆధారము చేసికొని తెలుగు కథను, సంభాషణలను కూర్చినవారు చక్రపాణిగారు. వారి అసలు పేరు ఆలూరి వెంకటసుబ్బారావు. జన్మస్థలము తెనాలికి చేరువనున్న ఐతానగరము. క్షయవ్యాధికి మదనపల్లెలో చికిత్స పొందుచున్న దినములలో వారు వంగభాషను నేర్చిరనియు, పిమ్మట శరత్‌చంద్రుని నవలలను తెనిగించి పేరుగాంచిరనియు సాహిత్యప్రియులు ఎరుగుదురు. 1947లో ‘చందమామ’ను ప్రారంభించిన బి. నాగిరెడ్డి, చక్రపాణిగార్లే విజయా సంస్థను స్థాపించి ‘షావుకారు’, ‘పాతాళభైరవి’, ‘పెళ్ళిచేసి చూడు’ చిత్రములను నిర్మించిరి. 1954లో వచ్చిన ‘చంద్రహారము’ మాత్రము ఆశించిన ఆదరణ పొందలేదు. రాజకుమారులను, మంత్రతంత్రములను ప్రక్కనబెట్టి, ఉద్యోగము లేని ఇద్దరు పట్టభద్రుల కథను పిమ్మట చేపట్టుటలో ఆ సంస్థ వివేకము కనిపించును.

దర్శకత్వము వహించినవారు ఎల్. వి. ప్రసాదుగారు. ఏలూరి ప్రాంతము నుండి బొంబాయికి పోయి, 1931 నాటి హిందీ తొలి టాకీ ‘ఆలం ఆరా’లోను, అదే సంవత్సరపు ‘కాళిదాసు’లోను, 1932 నాటి ‘భక్తప్రహ్లాద’లోను చిన్న చిన్న వేషములు ధరించిన వ్యక్తి వారు. ఒకే మనుష్యుడు పలు భాషల తొలి టాకీలలో తలచూపుట విశేషమే. కుటుంబములోని చిన్న కలతలను, చాటుమాటు చూపులను, మాటల నడుమనున్న మౌనమును పట్టి చూపుటలో వారు నేర్పరులు. ‘మిస్సమ్మ’కు కావలసిన నేర్పు సరిగా అదియే.

కథను ఎరుగనివారు తక్కువే యైనను, క్రొత్త తరమువారి కొరకు క్లుప్తముగా చెప్పెదము. అప్పాపురము జమీందారు గోపాలము దంపతులు తమ పెద్దకుమార్తె మహాలక్ష్మిని పసితనముననే పోగొట్టుకొని, ఆమె పేర ఒక పాఠశాలను నడుపుచుందురు. దానికి పట్టభద్రులైన ఉపాధ్యాయ దంపతులు కావలెనని పత్రికలో ప్రకటించుదురు. రావు అను హిందూ యువకుడును, మేరీ అను క్రైస్తవ యువతియు ఉద్యోగము లేక అలమటించుచుందురు. మేరీని పెంచిన తండ్రికి అప్పు ఇచ్చిన డేవిడు, ఆ అప్పును అడ్డుపెట్టుకొని ఆమెను పెండ్లాడ జూచును. గత్యంతరము లేక, ఒకరినొకరు సరిగా ఎరుగని ఆ ఇద్దరును భార్యాభర్తలమని చెప్పి కొలువులో చేరుదురు. జమీందారు మేనల్లుడు రాజు తనను తాను డిటెక్టివుగా భావించుకొని, తప్పిపోయిన మహాలక్ష్మిని వెదకుటకు పూనుకొనును. వెదకబడుచున్న మహాలక్ష్మి ఆ యింటనే మారుపేరుతో పంతులమ్మగా ఉన్నదని అతనికి గాని, ఆమెకు గాని తెలియదు. పాదముపై పుట్టుమచ్చ తుదకు నిజమును చెప్పును.

ఈ కథలో పొరపాటు ఒకటి కాదు; పొరపై పొర. భార్యాభర్తలు కానివారిని లోకము దంపతులని నమ్మినది. అది వారు తెలిసి ఆడిన అబద్ధము. క్రైస్తవురాలనని మేరీ నమ్మినది. అది ఆమె తెలియక మోయుచున్న పొరపాటు. పరాయిదానిని కన్నకూతురువలె చూచుచున్నామని జమీందారు దంపతులు తలచిరి. నిజముగనే కన్నకూతురని వారెరుగరు. అబద్ధమాడుచున్న చోట నిజమున్నది. నిజమని నమ్మిన చోట పొరపాటున్నది. ఈ రెండు తీగెలును పెనవేసికొనుటయే కథకు బలము. లేని దాంపత్యమునకు పెద్దలు సీమంతపు పేరంటము జరిపించు ఘట్టమున ప్రేక్షకులు నవ్వుచుండగా, మధ్యనున్న మేరీకి అవమానము, భయము, కోపము ఒక్కసారిగా కలుగును. హాస్యమునకు మూలము ఒకరి ఇబ్బంది అను సత్యమును ఆ ఘట్టము దాచదు.

ప్రకటనలోని ఒక్క నిబంధనను మరల తలచుకొందము. బోధించుటకు కావలసినది చదువు. జమీందారు కోరినది చదువును, దాంపత్యమును కూడ. ఒంటరి యువతిని గాని, ఒంటరి యువకుని గాని నమ్మి గ్రామమున పంతులుగా ఉంచుటకు పెద్దలు జంకెడి కాలమది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా ఏర్పడినది. చదువుకొన్న యువకులకు క్రొత్త ఆశలు చిగిర్చిన దినములవి. చదువు ముగించి ఉద్యోగమునకై ఎదురుచూచెడి దినములు కూడ అవియే. పట్టా చేతనుండియు పని దొరకని పురుషుడు, పట్టా చేతనుండియు అప్పులవాని బారినుండి తప్పించుకొనలేని స్త్రీ—ఇద్దరికిని నిజము చెప్పినచో కూడు లేదు. నిబంధన న్యాయమైనది కానప్పుడు నిజాయితీపరులు సైతము నటులు కావలసివచ్చును. చిత్రము ఈ మాటను ఉపన్యాసముగా చెప్పలేదు, నవ్వించుచు చూపినది.

పాత్రధారుల ఎంపికలోను పేర్లు తారుమారైన చరిత్ర కలదు. మేరీ పాత్రకు తొలుత ఎన్నికైనవారు భానుమతిగారు. కొంత చిత్రీకరణ కూడ జరిగినది. నిర్మాతకును ఆమెకును అభిప్రాయభేదము రాగా ఆమె తప్పుకొనిరి. చిన్నకుమార్తె సీత పాత్రకు అనుకొన్న సావిత్రి మేరీగా మారిరి. సీత పాత్ర జమునకు దక్కినది. భానుమతిగారు తమ భరణీ సంస్థ పక్షమున 1954లో ‘చక్రపాణి’ అను హాస్యచిత్రమున నటించిరి. ఆస్తి కొరకు కల్పించిన సంసారమే అందును కథావస్తువు. ఇట్లు ఒకే కాలమున, ఇంచుమించు ఒకే విధమగు కల్పనతో, రెండు సంస్థలు ప్రేక్షకులను నవ్వించినవి. సావిత్రికి మేరీ పాత్ర వరమయినది. కోపము, బెదురు, అసూయ, అనురాగము—ఇవన్నియు ఒకే ముఖమున ఒకదాని వెనుక నొకటిగా మారుటను చూచి, ఆమె హాస్యమునందును ఎంత సమర్థురాలో ప్రజలు తెలిసికొనిరి.

రావుగా నందమూరి తారక రామారావుగారు, డిటెక్టివు రాజుగా అక్కినేని నాగేశ్వరరావుగారు నటించిరి. 1953లో ‘దేవదాసు’గా ఆంధ్రదేశమును కంటతడి పెట్టించిన నాగేశ్వరరావుగారు, విషాదనాయకుడన్న ముద్ర తమపై పడకుండవలెనని కోరి, ప్రధాన నాయకుని కంటె చిన్నదగు ఈ హాస్యపాత్రను స్వీకరించిరి. పేరు స్థిరపడిన నటుడు తన పేరు మార్చుకొనుటకు చూపిన సాహసమది. జమీందారుగా ఎస్. వి. రంగారావుగారు, ఆయన భార్యగా ఋష్యేంద్రమణిగారు, దేవయ్యగా రేలంగి, డేవిడుగా రమణారెడ్డి, పంతులుగా అల్లు రామలింగయ్య—ఒక్కొక్కరును తమ వంతు నవ్వును కొలిచి పోసిరి. అదే సంవత్సరము ఆగస్టులో పి. పుల్లయ్యగారి దర్శకత్వమున ‘కన్యాశుల్కము’ చిత్రముగా వచ్చినది. అందు గిరీశము రామారావుగారు, మధురవాణి సావిత్రి. కూటికై వేషము, దురాచారముపై వేషము—రెండు కథలలోను అదే జంట ఒకే యేట నటించుట తెలుగు హాస్యచరిత్రలో గుర్తుంచుకొనదగిన సంగతి.

రేడియో శ్రోతలకు ఈ చిత్రము పాటల ద్వారమున మరింత ఆప్తము. సాహిత్యము పింగళి నాగేంద్రరావుగారిది, సంగీతము సాలూరు రాజేశ్వరరావుగారిది, ఛాయాగ్రహణము మార్కస్ బార్‌ట్లేగారిది. రామారావుగారికి ఏ. ఎం. రాజా గాత్రమిచ్చిరి, పి. లీల, పి. సుశీల స్త్రీ గాత్రములు పలికిరి. మేరీమాతను శరణు వేడు పాట యొకటి, గోవిందుని గూర్చిన పాట మరియొకటి ఇందు కలవు. ఒకే చిత్రమున, ఒకే సంగీతకర్త చేత, ఈ రెండు భక్తులును సమాన గౌరవముతో స్వరబద్ధములైనవి. పరమతమును పరిహసించి నవ్వించుట సులభమైన పని. ఇందు పరిహాసము అప్పులవానికి తగిలినది గాని ఆరాధనకు తగులలేదు. మేరీ మొండితనమును చూచి నవ్వుదుము; ఆమె ప్రార్థనను చూచి నవ్వము. ఈ తారతమ్యమును పాటించుట సంస్కారమునకు గుర్తు.

ఇక చిత్రమున మిక్కిలి ఆలోచింపదగిన భాగమునకు వచ్చెదము. హిందువును, క్రైస్తవురాలును ఒకరినొకరు ప్రేమించిరి. సీతకు రావు సంగీతము నేర్పుచుండగా మేరీ పడిన అసూయయే అందులకు సాక్ష్యము. ఇప్పుడు వారి పెండ్లి ఎట్లు? 1872 నాటి వివాహ చట్టము క్రింద ప్రభుత్వాధికారి యెదుట పెండ్లాడువారు, తాము హిందువులము గాని, క్రైస్తవులము గాని కామని ప్రకటింపవలసియుండెను. 1923లో జరిగిన సవరణ హిందూ, బౌద్ధ, సిక్కు, జైనులకు మాత్రము ఆ నిర్బంధమును సడలించినది. ఎవరి మతము వారు నిలుపుకొనుచునే వివాహమాడుటకు అందరికిని వీలు కల్పించిన ప్రత్యేక వివాహ చట్టము 1954లో ఆమోదింపబడి, 1955 జనవరి 1వ తేదీన అమలునకు వచ్చినది. సరిగా పదునొకండు దినముల తరువాత ‘మిస్సమ్మ’ తెర కెక్కినది. చట్టము ఒక తలుపు తెరచిన మాసముననే, సినిమా మరియొక తలుపు గుండ ప్రవేశించినది. మేరీ మేరీగానే రావును వరించుట కాక, ఆమె పుట్టుకచే మహాలక్ష్మియని తేలుటతో సమస్య తీరినది.

దీనిని కొందరు లోపమందురు. ఆ మాటలో సత్యము కలదు. పుట్టుమచ్చ లేకున్నచో ఆ జంట గతి యేమి? పెంచిన తల్లిదండ్రుల ప్రేమకు తూకమేది? అబద్ధములలో ఇంత దూరము మనలను నడిపించిన కథ, నిజమును ఎదుర్కొనవలసిన తావున పాత అభిజ్ఞానము చాటునకు పోయినది. సాగరికను హారము రక్షించినట్లు మేరీని మచ్చ రక్షించినది. చిత్రనిర్మాణము చట్టము అమలునకు వచ్చుటకు ముందే సాగినది గనుక ఆ కాలపు ప్రేక్షకులను నొప్పింపరాదని నిర్మాతలు తలచియుందురని సమర్థింపవచ్చును. కాని మా దృష్టి మరియొక విషయముపై కలదు. మచ్చ కనబడుటకు ముందే ప్రేమ కుదిరినది. జమీందారు దంపతుల వాత్సల్యము కూడ మచ్చ కనబడుటకు ముందే పుట్టినది. పుట్టుమచ్చ పెద్దలకు అనుమతి నిచ్చినది గాని, మనసులకు అనురాగము నీయలేదు. ముగింపు వెనుకంజ వేసినను, నడిమి కథ వేసిన ముందడుగు చెరగలేదు. మనిషిని ముందు చూచి, పేరును తరువాత అడిగినచో ఎట్లుండునో ఆ నడిమి కథ చూపినది.

ఈ కథ ఎల్లలు దాటినది. తమిళమున ‘మిస్సియమ్మ’గా అదే జనవరిలో విడుదలయినది, అందు సావిత్రి సరసన జెమిని గణేశన్, రాజు పాత్రకు దీటైన వేషమున తంగవేలు నటించిరి. 1957లో ఏ. వి. ఎం. సంస్థ పక్షమున ప్రసాదుగారే హిందీలో ‘మిస్ మేరీ’ని రూపొందించిరి, మేరీ పాత్ర మీనాకుమారిది, సంగీతము హేమంతకుమారుది. జమున మూడు భాషలలోను నటించిరి. వంగదేశమున పుట్టి, చెన్నపట్టణమున పెరిగి, హిందీ ప్రాంతములకు పోయిన ఈ కథ ప్రతిచోటను స్థానికురాలివలెనే కనబడుట గమనింపదగినది. ఉద్యోగము లేమి, పెండ్లి నిబంధన, పేరులోని మతము—ఇవి ఏ ఒక్క ప్రాంతపు సొత్తును కావు. విజయా సంస్థ ఈ బాటను విడువలేదు. 1962లో వచ్చిన ‘గుండమ్మకథ’లో జమీందారు కుమారులు మారువేషములతో గుండమ్మ యింట ప్రవేశించుదురు, రామారావుగారు పనివాడు అంజిగా పిండి రుబ్బిరి. అచ్చట ధనికులు పేదలుగా నటించిరి. ‘మిస్సమ్మ’లో పేదలు సంసారులుగా నటించిరి. మొదటిది ఆటవలె సాగును. రెండవదానిలో ఓడినచో అన్నము పోవును.

ఆనాడు ఈ చిత్రములన్నియు చెన్నపట్టణపు వడపళని స్టూడియోలలో తయారయినవి. నేడు తెలుగు చిత్రసీమ నివాసము హైదరాబాదు. అమీరుపేటలోని సారథీ స్టూడియోలో నిర్మితమై 1959లో విడుదలయిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ మొదలు, 1976లో నాగేశ్వరరావుగారు ప్రారంభించిన అన్నపూర్ణ స్టూడియో మీదుగా, జూబిలీహిల్సు, ఫిలింనగరు వరకు ఆ వలస సాగినది. ప్రసాదుగారి పేర బంజారాహిల్సులో వెలసిన నేత్రవైద్యాలయము వేలమందికి చూపునిచ్చుచున్నది. మోతీనగరున నివసించు మావంటివారికి ఈ తావులేవియు దూరము కావు. అవకాశమునకై పల్లెలు విడిచి, తెరకు తగిన క్రొత్త పేరు పెట్టుకొని, ఈ వీధులలో అద్దెగదుల కొరకు తిరుగు యువతీయువకులు నేటికిని కలరు. ఒంటరివారికి గది ఇచ్చుటకు సంకోచించు ఇండ్లవారును కలరు. అప్పాపురపు ప్రకటన రూపము మారినది గాని మాయము కాలేదు.

2018లో విడుదలయిన ‘మహానటి’ సావిత్రి జీవితమును చూపుచు ఆ పాతకాలపు స్టూడియోలను మరల నిర్మించినది. చూచిన యువతరము పెక్కురు పాత చిత్రములవైపు మరలిరి. వారితో మేము మనవి చేయునది ఒక్కటే. ‘మిస్సమ్మ’ను ఇంటిల్లిపాదియు కూర్చుండి మరల చూడుడు. నవ్వవలసిన చోట నవ్వుడు. అటుపిమ్మట, రావును మేరీని అబద్ధమాడునట్లు చేసిన ఆ ప్రకటనను ఎవరు వ్రాసిరో, నేడు మన యింటి గుమ్మమున అట్టి నిబంధన ఏదైన వ్రేలాడుచున్నదేమో ఒక్క నిమిషము యోచింపుడు. గది యడిగిన వానిని, కొలువడిగిన దానిని, పిల్లనడుగ వచ్చిన వానిని పేరడుగుటకు ముందు ముఖము చూచినచో, మన నడుమ మారుపేర్లతో బ్రతుకవలసిన అగత్యము కొందరికైన తప్పును.